డిజైన్ వర్క్‌స్టేషన్‌కు గ్రాఫిక్స్ కార్డు: ముందు పని కొలవండి, తర్వాత కార్డు కొనండి

“అన్నయ్యా, లక్షలోపు మంచి గ్రాఫిక్స్ కార్డు ఒకటి చెప్పు, ఇవాళే కొనేస్తాను.” కూకట్‌పల్లిలో ఇంటీరియర్ డిజైన్ చేసే మా చెల్లెలు ఒక ఆదివారం పొద్దున్నే ఫోన్ చేసి అడిగింది. ఏమైందమ్మా అంటే, మూడు బెడ్‌రూముల ఫ్లాట్‌లో హాలు రెండర్ (త్రీడీ డిజైన్‌ను ఫొటోలాంటి బొమ్మగా మార్చే పని) పెడితే సగంలో ఆగిపోతోందట. మర్నాడే క్లయింటుకు చూపించాలి. గొంతులోనే టెన్షన్ తెలుస్తోంది.

నేను కార్డు పేరు చెప్పలేదు. బండేసుకుని వెళ్లి ఆమె సిస్టమ్ ముందు కూర్చున్నాను. రెండు గంటల తర్వాత అదే పాత 8 జీబీ కార్డు మీద ఆ హాలు రెండర్ పూర్తయింది. ఎలా పూర్తయిందో కింద చెబుతాను. కొత్త కార్డు కూడా కొన్నాం, కానీ రెండు నెలల తర్వాత. ఆ ఆదివారమే కొని ఉంటే ఆమె పనికి సరిపడని కార్డు వచ్చేది.

డిజైన్ పనికి కార్డు కొనేవాళ్లు చాలామంది గేమ్‌ల స్పీడు పట్టికలు చూసి నిర్ణయించుకుంటారు. గేమ్‌కు వేగం ముఖ్యం. డిజైనర్‌కు మాత్రం పని మధ్యలో ఆగకుండా ఉండటం మొదట కావాలి, వేగం ఆ తర్వాత. అందుకే ఈ వరసలో వెళ్లమంటాను: మీ సాఫ్ట్‌వేర్, మీ ఫైళ్లకు కావలసిన మెమరీ, మీ సిస్టమ్ ఇవ్వగల కరెంటు, చివరికి ధర.

మొదటి అడుగు: పని ఎక్కడ ఆగుతోందో చూడండి

మీరు రోజూ చేసే పనుల్లో అన్నింటికంటే బరువైన ఫైలు ఒకటి తెరవండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ పేజీకి వెళ్లండి. ఇప్పుడు ఎప్పటిలా పని చేస్తూ, నెమ్మదించిన క్షణంలో అటు చూడండి.

ప్రాసెసర్ వంద శాతం కొడుతూ గ్రాఫిక్స్ కార్డు ఖాళీగా ఉంటే కొత్త కార్డు వల్ల లాభం లేదు. ర్యామ్ నిండిపోయి డిస్క్ గీత పైకి లేస్తుంటే ముందు ర్యామ్ కొనండి. ప్రాసెసర్‌లో ఒక్క కోర్ మాత్రమే పూర్తిగా నడుస్తూ మిగతావి కూర్చుని ఉంటే, ఆ సాఫ్ట్‌వేర్ తీరే అంత. అలాంటిచోట ఒక్కో కోర్ వేగం ఎక్కువున్న ప్రాసెసర్ కావాలి. ఇది కనబడాలంటే ప్రాసెసర్ గ్రాఫ్ మీద కుడి క్లిక్ చేసి, కోర్లు విడివిడిగా చూపించేలా మార్చుకోండి.

గ్రాఫిక్స్ కార్డు పేజీలో రెండు విషయాలు గుర్తుంచుకోండి. పైన కనిపించే ‘3డీ’ గ్రాఫ్ ఒక్కటే చూసి కార్డు ఖాళీగా ఉందనుకోకండి. వీడియో పనికి ‘వీడియో డీకోడ్’, ‘వీడియో ఎన్‌కోడ్’ గ్రాఫ్‌లు వేరుగా ఉంటాయి, పేరు మీద నొక్కి మార్చుకోవచ్చు. రెండోది కింద కనిపించే మెమరీ లెక్క. ‘డెడికేటెడ్’ అన్నదే కార్డు మీద ఉన్న అసలు మెమరీ. ‘షేర్డ్’ అని చూపించేది మీ మామూలు ర్యామ్‌లో ఒక భాగం. 8 జీబీ కార్డు, 16 జీబీ షేర్డ్ కలిపి నా దగ్గర 24 జీబీ ఉందనుకునేవాళ్లను చాలామందిని చూశాను. పని షేర్డ్‌లోకి జారిందంటే బండి హైవే దిగి మట్టిరోడ్డు ఎక్కినట్టే. కొన్ని రెండరర్లు (రెండర్ చేసే సాఫ్ట్‌వేర్లు) నెమ్మదిగానైనా లాక్కొస్తాయి, కొన్ని అక్కడే ఆగిపోతాయి.

మా చెల్లెలి సిస్టమ్‌లో కనిపించింది అదే. రెండర్ నొక్కగానే డెడికేటెడ్ మెమరీ 7.7 దాకా ఎగబాకింది, షేర్డ్ గీత కదలడం మొదలైంది, కాసేపటికి మెమరీ చాలదని ఎర్రటి వాక్యం వచ్చింది. కార్డు బలం తక్కువై ఆగలేదు, చోటు చాలక ఆగింది.

రెండో అడుగు: మీ సాఫ్ట్‌వేర్ కార్డును ఎంత వాడుకుంటుంది?

ఇక్కడే డబ్బు మిగులుతుంది, ఇక్కడే పోతుంది.

పెళ్లికార్డులు, ఫ్లెక్సీలు, పాంప్లెట్లు చేసేవాళ్లకు ఒక మాట. కోరల్‌డ్రాలో అను ఫాంట్లతో టైటిల్ పెట్టి, ఫొటోషాప్‌లో బొమ్మలు కత్తిరించే పనికి పెద్ద కార్డు అక్కర్లేదు. లెక్క చూడండి. 10 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తున్న ఫ్లెక్సీని 72 డీపీఐలో చేస్తే 8640 బై 6912 పిక్సెల్స్, అంటే దాదాపు 6 కోట్ల పిక్సెల్స్. సీఎంవైకేలో ఒక్కో పిక్సెల్‌కు 4 బైట్లు. ఒక్క నిండు లేయరే సుమారు 240 ఎంబీ. అలాంటివి 10 ఉంటే 2.4 జీబీ. ఈ బరువంతా ప్రధానంగా ర్యామ్ మీద, అది చాలకపోతే స్క్రాచ్ డిస్క్ (ఫొటోషాప్ తాత్కాలికంగా వాడుకునే డిస్క్ చోటు) మీద పడుతుంది. కాబట్టి 32 జీబీ ర్యామ్, ఒక మంచి ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ ముందు పెట్టండి. కార్డు 6 లేదా 8 జీబీది చాలు. ఉన్న డబ్బంతా కార్డు మీద పోసి 8 జీబీ ర్యామ్‌తో కుస్తీ పడుతున్న షాపులు చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

పెళ్లి ఫొటోగ్రాఫర్ల సంగతి కొంచెం వేరు. 12 బై 36 ఆల్బమ్ షీట్ 300 డీపీఐలో చేసినా 3600 బై 10800 పిక్సెల్స్, దాన్ని ఫొటోషాప్ మామూలుగానే మోస్తుంది. అసలు తేడా లైట్‌రూమ్‌లో 2023లో వచ్చిన ఏఐ డీనాయిస్ (ఫొటోలోని గరుకు చుక్కలు తీసేసేది) దగ్గర. రాత్రి పెళ్లి, తక్కువ వెలుతురు, ఎక్కువ ఐఎస్ఓలో తీసిన వందల రా ఫొటోలు. ఈ డీనాయిస్ మీ కార్డు మీదే నడుస్తుంది. పాత కార్డు మీద ఒక్కో ఫొటోకు నిమిషాలు పట్టేది ఎన్విడియా ఆర్‌టీఎక్స్ కార్డు మీద సెకన్లలో అయిపోతుంది. అదే ఫొటోషాప్‌లోని జెనరేటివ్ ఫిల్ మాత్రం అడోబీ సర్వర్లలో నడుస్తుంది. దానికి కావలసింది ఇంటర్నెట్, కార్డు కాదు.

వీడియో ఎడిటింగ్‌లో చిక్కు ఇంకోచోట ఉంది, చాలామందికి ఇది డబ్బు పెట్టాకే తెలుస్తుంది. సోనీ, కెనాన్ కొత్త కెమెరాల్లో 10 బిట్ 4:2:2 (రంగుల వివరం ఎక్కువగా దాచే) రికార్డింగ్ ఉంటుంది. రంగులు సరిచేసుకోవడానికి అది ఎంతో బాగుంటుంది. కానీ ఎన్విడియాలో 4:2:2 ఫైళ్లను హార్డ్‌వేర్‌లో విప్పే శక్తి 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ నుంచే మొదలైంది. అంతకుముందు వచ్చిన ఆర్‌టీఎక్స్ 4090 ఎంత ఖరీదైనదైనా ఈ ఒక్క పని చేయలేదు, టైమ్‌లైన్ జెర్కులు కొడుతూనే ఉంటుంది. హెచ్.265 రకం 4:2:2 అయితే ఇంటెల్ 11వ తరం నుంచి కోర్ ఐ5, ఆపై ప్రాసెసర్లలో ఉన్న క్విక్ సింక్ (వీడియో విప్పే హార్డ్‌వేర్) సునాయాసంగా విప్పేస్తుంది. అందుకే వీడియో సిస్టమ్‌కు ఇంటెల్ ప్రాసెసర్ కొంటుంటే పేరు చివర ‘ఎఫ్’ అక్షరం లేనిదే తీసుకోండి. ఎఫ్ ఉంటే లోపలి గ్రాఫిక్స్ పనిచేయవు, క్విక్ సింక్ కూడా ఉండదు. వెయ్యో రెండు వేలో మిగిలిందని ఎఫ్ కొనుక్కుని తర్వాత ఏళ్ల తరబడి ప్రాక్సీలు (ఎడిటింగ్ కోసం వీడియోకు తేలికపాటి నకళ్లు) చేసుకుంటున్నవాళ్లున్నారు. మన పెళ్లి స్టూడియోల్లో బాగా కనిపించే ఎడియస్‌కు కూడా క్విక్ సింక్ ఉంటే చాలా కలిసొస్తుంది. డావిన్సీ రిజాల్వ్ తీరు వేరు. అది మొత్తంగా కార్డు మీద బతికే సాఫ్ట్‌వేర్, 4కే టైమ్‌లైన్‌లో నాయిస్ రిడక్షన్, మ్యాజిక్ మాస్క్ పెట్టారంటే 8 జీబీ ఇట్టే నిండుతుంది. రిజాల్వ్ వాడేవాళ్లు 12 జీబీకి తగ్గొద్దు, వీలైతే 16 చూడండి.

త్రీడీ, ఇంటీరియర్స్, ఆర్కిటెక్చర్. కార్డుకు అసలైన పని ఇక్కడే. అయినా రెండరర్ పేరు చూడకుండా ముందుకు వెళ్లకండి. కరోనా రెండరర్ ప్రాసెసర్ మీద నడుస్తుంది, దానికి ఎక్కువ కోర్లు కావాలి. వీ-రేలో రెండు ఇంజిన్లున్నాయి, ఒకటి ప్రాసెసర్ మీద, ఒకటి కార్డు మీద. మీరు ఏది ఎంచుకున్నారో సెట్టింగ్స్‌లో చూసుకోండి. పెద్ద కార్డు పెట్టి, వీ-రేను ప్రాసెసర్ ఇంజిన్‌లోనే వదిలేసి, తేడా ఏమీ లేదే అని అడిగినవాళ్లు నాకు తెలుసు. లుమియన్, ఎన్‌స్కేప్, డీ5, ట్విన్‌మోషన్ పూర్తిగా కార్డు మీదే ఆధారపడతాయి. బ్లెండర్‌లో సైకిల్స్ కార్డు మీద పెడితే ఎన్నో రెట్లు వేగం పెరుగుతుంది. ఇక స్కెచప్, ఆటోక్యాడ్‌లో గీతలు గీసే పని, రివిట్‌లో మోడల్ కట్టే పని ఎక్కువగా ఒక్క కోర్ మీద నడిచేవే.

మెషిన్ డిజైన్ చేసే ఇంజినీర్లు, సాలిడ్‌వర్క్స్, కాటియా, సీమెన్స్ ఎన్‌ఎక్స్ వాడేవాళ్లు నాలుగో అడుగు తప్పకుండా చదవండి.

మూడో అడుగు: మెమరీ లెక్క కట్టండి

కార్డు ఎంపికలో ఒకే ఒక్క అంకె చూడాలంటే నేను మెమరీనే చూడమంటాను. వేగం తక్కువైతే రెండర్ పావుగంట ఆలస్యం అవుతుంది. మెమరీ తక్కువైతే రెండరే రాదు. పైగా ర్యామ్‌లా దీన్ని తర్వాత పెంచుకోవడం కుదరదు.

లెక్క సులువే. టెక్స్చర్ అంటే త్రీడీ వస్తువు పైన అంటించే బొమ్మ. 4కే టెక్స్చర్ అంటే 4096 బై 4096 పిక్సెల్స్. ఒక్కో పిక్సెల్‌కు 4 బైట్లు వేసుకుంటే 64 ఎంబీ. డిస్క్ మీద ఆ జేపెగ్ ఫైలు 3 ఎంబీనే ఉండొచ్చు, కార్డులోకి వెళ్లేటప్పటికి విప్పుకుని 64 అవుతుంది. 8కే టెక్స్చర్ అయితే 256 ఎంబీ. 2కే అయితే 16 ఎంబీ మాత్రమే. రెండరర్ కుదించి పెట్టుకుంటే కొంత తగ్గుతుంది, కానీ అంచనాకు ఈ లెక్క చాలు.

మా చెల్లెలి హాలు సీన్‌లో ఇద్దరం కూర్చుని ఒక్కో మెటీరియల్ తెరిచి చూశాం. ఇటాలియన్ మార్బుల్, టీవీ యూనిట్ వెనక వెనీర్, కర్టెన్ బట్ట, కార్పెట్, ఇంటర్నెట్ నుంచి దించిన సోఫా. లెక్కపెడితే 8కే టెక్స్చర్లు 18 ఉన్నాయి. 18ని 256తో గుణిస్తే నాలుగున్నర జీబీ. దానికి తోడు మూలనున్న పూలకుండీలో ఆకు ఆకుకూ లక్షల పాలిగాన్లు (ఆకారాన్ని కట్టే చిన్న చిన్న ముక్కలు). వెనకాల ఫొటోషాప్, బ్రౌజర్‌లో ఇరవై ట్యాబులు, వాటి వాటా వాటికి. కర్టెన్ వెనక గోడ మూలలో కనిపించీ కనిపించని బట్టకు 8కే ఎందుకమ్మా అంటే నవ్వింది. కెమెరాకు దగ్గరగా ఉన్న నేల మార్బుల్, సెంటర్ టేబుల్, సోఫా మూడూ ఉంచి, మిగతా 15 టెక్స్చర్లను 2కేకు దించాం. ఒక్కోదాని మీద 240 ఎంబీ, మొత్తం మూడున్నర జీబీ ఖాళీ అయింది. బ్రౌజర్ మూసేసి రెండర్ నొక్కితే ఆగకుండా పూర్తయింది. పాత బొమ్మ పక్కన పెట్టి చూస్తే తేడా ఇద్దరికీ కనబడలేదు.

మీరూ ఇలాగే చేయండి. మీ బరువైన సీన్ రెండర్ అవుతున్నప్పుడు డెడికేటెడ్ మెమరీ ఎంత వాడుతోందో రాసుకోండి. ఇప్పుడున్న కార్డులో నిండిపోయి తెలియకపోతే టెక్స్చర్ల లెక్క కట్టండి. వచ్చిన అంకెకు సగం అదనంగా కలపండి, రెండేళ్లలో మీ పని పెరుగుతుంది కాబట్టి. 7 వస్తే పదిన్నర, అంటే 12 జీబీ కార్డు. 10 వస్తే 15, అంటే 16 జీబీ కార్డు. మా చెల్లెలికి ఫ్లాట్ల తర్వాత విల్లా పనులు మొదలయ్యాయి, టెక్స్చర్లు ఎంత తగ్గించినా 9, 10 దాటసాగింది. అప్పుడు 16 జీబీ కార్డు కొన్నాం.

ఒకే పేరుతో రెండు మెమరీలుండే కార్డుల దగ్గర జాగ్రత్త. ఆర్‌టీఎక్స్ 3060లో 12, 8 రెండూ ఉన్నాయి. 4060 టీఐలో, 5060 టీఐలో 8, 16 రెండూ ఉన్నాయి. 3050లో 8, 6 ఉన్నాయి. ఆ 16 జీబీ కార్డు కొనేటప్పుడు ఒక దుకాణంలో మాకు 8 జీబీ పెట్టె చేతిలో పెట్టారు. అడిగితే “రెండూ ఒకటే మేడమ్, స్పీడ్ సేమ్” అన్నారు. స్పీడ్ మాట అటుంచి, మా పని మొత్తం ఆ రెండో 8 జీబీ మీదే ఆధారపడి ఉంది. పెట్టె మీద అంకె చదవకపోయి ఉంటే అదే ఇంటికి తెచ్చుకునేవాళ్లం.

రెండు కార్డులు పెడితే మెమరీ కలుస్తుందా అని అడుగుతుంటారు. కలవదు. రెండు 12 జీబీ కార్డులు పెట్టినా సీన్ మొత్తం రెండింటిలోనూ విడివిడిగా కూర్చోవాలి, కాబట్టి మీ హద్దు 12 దగ్గరే. ఆర్‌టీఎక్స్ 3090లో ఎన్‌వీలింక్ ఉండేది, కొన్ని రెండరర్లు దాని ద్వారా రెండు కార్డుల మెమరీని పంచుకునేవి. 40 సిరీస్ నుంచి అది తీసేశారు.

నాలుగో అడుగు: జీఫోర్స్ చాలా, ప్రొఫెషనల్ కార్డు కావాలా?

జీఫోర్స్ అంటే ఎన్విడియా మామూలు కార్డులు. ప్రొఫెషనల్ కార్డులను ఒకప్పుడు క్వాడ్రో అనేవాళ్లు. 2020లో ఎన్విడియా ఆ పేరు వదిలేసింది. ఇప్పుడు ఆర్‌టీఎక్స్ ఏ4000, ఆర్‌టీఎక్స్ 4000 అడా, ఆర్‌టీఎక్స్ ప్రో 6000 బ్లాక్‌వెల్ లాంటి పేర్లతో వస్తున్నాయి. ఆర్‌టీఎక్స్ 4000 అడా, జీఫోర్స్ ఆర్‌టీఎక్స్ 4060 పేర్లు పక్కపక్కనే పెట్టి ఒకటే కుటుంబం అనుకోకండి. ఏఎండీలో వీటికి సమానమైనవి రేడియాన్ ప్రో డబ్ల్యూ7500, డబ్ల్యూ7700, డబ్ల్యూ7900.

ఈ కార్డుల్లో ఎక్కువ డబ్బు మూడింటికి వెళ్తుంది. సాఫ్ట్‌వేర్ కంపెనీలు పరీక్షించి ధ్రువీకరించిన డ్రైవర్లు, మెమరీలో దొర్లే తప్పులను పట్టుకుని సరిచేసే ఈసీసీ మెమరీ, తక్కువ కరెంటుతో ఎక్కువ మెమరీ. ఆర్‌టీఎక్స్ ఏ4000 ఒకే స్లాట్‌లో పట్టి 140 వాట్లతో 16 జీబీ ఇస్తుంది. ఆర్‌టీఎక్స్ 2000 అడా అయితే 70 వాట్లకే 16 జీబీ, విడిగా కరెంటు వైరు కూడా అక్కర్లేదు. చిన్న బ్రాండెడ్ టవర్లలో, పాత ఆఫీసు సిస్టమ్‌లలో ఇది వరం లాంటిది.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. బ్లెండర్, వీ-రే, డీ5, ప్రీమియర్, రిజాల్వ్, ఫొటోషాప్ వాడేవాళ్లకు జీఫోర్స్ చాలు. అదే డబ్బుకు ఎక్కువ వేగం వస్తుంది. 10 బిట్ రంగుల కోసమే క్వాడ్రో కొనాలన్న పాత మాట 2019తో పోయింది, ఆ ఏడాది నుంచి జీఫోర్స్ స్టూడియో డ్రైవర్‌లోనే అది వచ్చేసింది. సాలిడ్‌వర్క్స్, ఎన్‌ఎక్స్, కాటియా మీద జీతం తెచ్చుకునేవాళ్లు మాత్రం ప్రొఫెషనల్ కార్డే తీసుకోండి. సాలిడ్‌వర్క్స్‌లో రియల్‌వ్యూ (మోడల్‌ను నిజమైన వస్తువులా చూపించే సదుపాయం) ధ్రువీకరించిన కార్డుల మీదే అధికారికంగా పనిచేస్తుంది. ఎన్‌ఎక్స్‌లో పెద్ద అసెంబ్లీ తిప్పుతుంటే తేడా కంటికే తెలుస్తుంది. కొనేముందు సాలిడ్‌వర్క్స్ వెబ్‌సైటులో మీ వెర్షన్, మీ కార్డు పెట్టి చూస్తే ఏ డ్రైవర్ వాడాలో కూడా చెబుతుంది.

ఇక కంపెనీ ఏదన్న ప్రశ్న. 2007లో ‘కూడా’ (సీయూడీఏ, లెక్కలు కార్డు మీద నడిపే ఎన్విడియా సాంకేతికత) వచ్చినప్పటినుంచి కార్డు మీద నడిచే చాలా రెండరర్లు దాని చుట్టూ ఎదిగాయి కాబట్టి త్రీడీ రెండరింగ్‌కు ఎన్విడియా తీసుకుంటే తలనొప్పి తక్కువ. బ్లెండర్‌లో ఏఎండీ, ఇంటెల్ కార్డులు కూడా పనిచేస్తాయి, వీడియోకు ఇంటెల్ ఆర్క్ ధరకు తగ్గ కార్డే. మీ సాఫ్ట్‌వేర్ పేజీలో ఆ కార్డు పేరు కనిపిస్తేనే కొనండి.

ఐదో అడుగు: కరెంటు, చోటు, వేడి

కార్డు ఎంచుకున్నాక క్యాబినెట్ పక్క మూత తీయండి. ఎస్‌ఎంపీఎస్ (సిస్టమ్‌కు కరెంటిచ్చే పెట్టె) మీద ఉన్న స్టిక్కర్ చదవండి. పెద్ద అక్షరాల్లో 450 వాట్స్ అని ఉంటుంది, దాన్ని నమ్మొద్దు. కింద చిన్న గళ్లలో ‘+12వీ’ అన్న గడి వెతకండి. అక్కడ ఆంపియర్లు 16 అని ఉంటే 12తో గుణించండి, 192 వాట్లు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ తాగేది ఈ 12 వోల్టుల లైను నుంచే. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చే ఎస్‌ఎంపీఎస్‌లు చాలావరకు ఇలాగే ఉంటాయి. దాని మీద పెద్ద కార్డు నడిపితే రెండర్ మొదలైన నిమిషానికి సిస్టమ్ రీస్టార్ట్ అవుతుంది, అందరూ విండోస్‌ను తిడతారు.

ఎన్విడియా చెప్పే లెక్కలివి. ఆర్‌టీఎక్స్ 5060 టీఐ 180 వాట్ల కార్డు, 600 వాట్ల ఎస్‌ఎంపీఎస్ కావాలి. 5070కి 250, 650. 5070 టీఐకి 300, 750. 5080కి 360, 850. 5090 ఒక్కటే 575 వాట్లు లాగుతుంది, దానికి 1000 వాట్ల ఎస్‌ఎంపీఎస్. వాట్లతో పాటు 80 ప్లస్ బ్రాంజ్ లేదా గోల్డ్ గుర్తున్న మంచి కంపెనీది చూసి తీసుకోండి. కొత్త కార్డులకుండే 16 పిన్నుల కనెక్టర్‌ను టక్కున కూర్చునేదాకా నొక్కాలి. సగం దూరినా కార్డు పనిచేస్తుంది, కానీ పిన్నులు వేడెక్కి కరిగే ప్రమాదముంది. వైరును కనెక్టర్ మొదట్లోనే మడతపెట్టకండి.

యూపీఎస్ సంగతి ఎవరూ చెప్పరు. మన షాపుల్లో ఎక్కువగా ఉండేది 600 వీఏ యూపీఎస్. వీఏ వేరు, వాట్లు వేరు. ఆ రకం సాధారణంగా 360 వాట్లే ఇస్తుంది. కార్డు 250, ప్రాసెసర్ 150, మానిటర్, మిగతావి ఇంకో 80 వేసుకున్నా 480 అయింది. రెండర్ నడుస్తుండగా కరెంటు పోతే ఆ యూపీఎస్ ఒక్క క్షణం కూడా ఆపలేదు, కీచుమని ఆరిపోతుంది. 660 వాట్లిచ్చే 1100 వీఏది పెట్టుకోండి, ఫైలు సేవ్ చేసుకునే వ్యవధి దొరుకుతుంది.

క్యాబినెట్‌లో చోటు టేపుతో కొలవండి. పెద్ద కార్డులు 30 సెంటీమీటర్లు దాటుతాయి, మూడు స్లాట్లు ఆక్రమిస్తాయి. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో ఏసీ లేని గదిలో పనిచేసేవాళ్లు ముందర రెండు ఫ్యాన్లు, వెనక ఒకటి, జాలీ ముఖం ఉన్న క్యాబినెట్ తీసుకోండి. గాజు ముఖం అందంగా ఉంటుంది, గాలి రాదు. ఫ్లెక్సీ మిషన్ ఉన్న గదిలోనే సిస్టమ్ పెట్టేవాళ్లు నెలకోసారి ఫ్యాన్ రెక్కలు కదలకుండా వేలితో పట్టుకుని బ్లోయర్‌తో దుమ్ము కొట్టండి.

ఆరో అడుగు: కొనేటప్పుడు

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ దుకాణాలుండే సీటీసీకి వెళ్లినా, ఆన్‌లైన్‌లో కొన్నా, ఒకే మోడల్ ధర నలుగురి దగ్గర నాలుగు రకాలుంటుంది. పూర్తి పేరు, మెమరీ రాసిన చీటీ చేతిలో పెట్టుకుని అడగండి. గ్రాఫిక్స్ కార్డు మీద జీఎస్టీ 18 శాతం. మీ సంస్థకు జీఎస్టీ నంబరు ఉంటే బిల్లు మీద వేయించుకోండి, ఇన్‌పుట్ క్రెడిట్ వస్తుంది. లక్ష రూపాయల కార్డు మీద అది చిన్న మొత్తం కాదు. బిల్లులో కార్డు సీరియల్ నంబరు కూడా ఉండాలి, పెట్టె మీదున్న నంబరుతో అక్కడే సరిపోల్చుకోండి. అమెరికా నుంచి వచ్చే బావ చేత తెప్పించుకుందామనుకుంటే, ఆ బ్రాండు వారంటీ మన దేశంలో చెల్లుతుందో లేదో ముందు కనుక్కోండి.

తక్కువ ధరకు దొరికే కొన్నింటికి దూరంగా ఉండండి. జీటీ 710, జీటీ 730 డిజైన్ పనికి ఎప్పుడో ముసలివైపోయాయి. జీటీ 1030లో వీడియో ఎన్‌కోడర్ లేదు, పైగా అందులో డీడీఆర్4 రకం ఇంకా నెమ్మది. రేడియాన్ ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీలోనూ ఎన్‌కోడర్ లేదు, వీడియోవాళ్లకు అది పనికిరాదు. జీటీఎక్స్ 1060, 1080 లాంటి పాస్కల్ కార్డులకు ఎన్విడియా 2025 అక్టోబరుతో మామూలు డ్రైవర్ అప్‌డేట్లు ఆపేసింది, భద్రతా సవరణలే వస్తాయి. కొత్తగా డబ్బు పెట్టి వాటిని కొనకండి.

సెకండ్ హ్యాండ్ కొనడం తప్పేమీ కాదు. వాడిన 3060 12 జీబీ, 3090 24 జీబీ మంచి కండిషన్‌లో దొరికితే త్రీడీ నేర్చుకునే పిల్లలకు చాలా ఉపయోగం. కానీ నడుస్తుండగా చూడకుండా డబ్బివ్వొద్దు. పెన్‌డ్రైవ్‌లో జీపీయూ-జడ్ అనే సాఫ్ట్‌వేర్ తీసుకెళ్లండి. కార్డు పేరు, మెమరీ, బస్ వెడల్పు చూపిస్తుంది, పాత కార్డుకు కొత్త పేరు అంటించి అమ్మే నకిలీలను చాలావరకు పట్టేస్తుంది. ఆ తర్వాత కార్డును పూర్తి బరువుతో పరీక్షించే ఫర్‌మార్క్ పెట్టి 20 నిమిషాలు నడపండి. తెర మీద చుక్కలు, గీతలు వస్తే లేచి వచ్చేయండి. అమ్మేవారు 20 నిమిషాలు కూడా వద్దంటే కూడా అంతే.

ఏడో అడుగు: బిగించాక

మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకు పెట్టారో లేదో చూడండి. పాత అలవాటుతో మదర్‌బోర్డుకు పెట్టి, కార్డు పనిచేయట్లేదని ఫోన్ చేసినవాళ్లలో అనుభవమున్నవాళ్లూ ఉన్నారు. 4కే మానిటర్ అయితే డిస్‌ప్లేపోర్ట్ వాడండి. అలాగని మదర్‌బోర్డు బయోస్‌లో లోపలి గ్రాఫిక్స్ ఆపేయకండి, క్విక్ సింక్ కావాలంటే అది మేల్కొని ఉండాలి.

డ్రైవర్‌లో స్టూడియో రకం ఎంచుకోండి. ఏఎండీ నుంచి ఎన్విడియాకు మారుతుంటే పాత డ్రైవర్‌ను డీడీయూ అనే సాఫ్ట్‌వేర్‌తో పూర్తిగా తీసేశాక కొత్తది పెట్టండి. పెద్ద ప్రాజెక్టు నడుస్తుండగా డ్రైవర్ అప్‌డేట్ చేయకండి, డెలివరీ అయ్యాక చేసుకోవచ్చు.

తర్వాత సాఫ్ట్‌వేర్లకు కార్డును చూపించాలి. ఫొటోషాప్‌లో ప్రిఫరెన్సెస్, పెర్ఫార్మెన్స్‌లో గ్రాఫిక్స్ ప్రాసెసర్ టిక్ పెట్టండి. ప్రీమియర్‌లో ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో మెర్క్యురీ ఇంజిన్‌ను ‘కూడా’ (సీయూడీఏ) మీదకు మార్చండి. బ్లెండర్‌లో రెండు చోట్ల మార్చాలి: ప్రిఫరెన్సెస్‌లో సిస్టమ్ కింద ఆప్టిక్స్ ఎంచుకోవాలి, ఆ తర్వాత రెండర్ ప్రాపర్టీస్‌లో డివైస్‌ను జీపీయూగా మార్చాలి. రెండోది మరిచిపోతే కొత్త కార్డు ఊరికే కూర్చుని, ప్రాసెసరే చెమటోడుస్తుంది.

చివరగా, మొదటి అడుగులో కొలిచిన అదే ఫైలు మళ్లీ తెరవండి. అదే రెండర్, అదే ఎక్స్‌పోర్ట్. పట్టిన సమయం, డెడికేటెడ్ మెమరీ, కార్డు వేడి మూడూ పాత అంకెల పక్కన రాయండి. అరగంట రెండర్ తర్వాత కూడా వేడి 83 డిగ్రీల లోపు ఉంటే గాలి సరిపోతున్నట్టే. అంతకు మించి వెళ్తూ వేగం తగ్గుతుంటే ఫ్యాన్లు చూసుకోండి. ఇదంతా కొన్న మొదటి రెండు మూడు రోజుల్లోనే చేయండి. మార్పిడికి దుకాణం ఇచ్చే గడువు మహా అయితే వారం, పది రోజులు. పెట్టె, లోపలి స్పాంజి, బిల్లు అప్పటిదాకా పారేయకండి.